నూట పంతొమ్మిదో అర్జీ

చింతగుండ్ల, అమరచింత దగ్గర
3 సెప్టెంబరు 2025, బుధవారం

ఇగ నేను ముందే జెప్పిన గదా, డిపో సారు కాడికి గంత పెద్ద కట్ట ఎత్తుకొని పోవద్దని. ఎవరు ఇంటరు? ఊరోళ్ళంత కలిసి నా నెత్తిన పెట్టి పంపిండ్రు. సారు కట్టను చేత్తోని ఎత్తి చూసిండు. పల్లికాయ తూకం లెక్క. "ఇస్రాయేలూ, ఇదంత ఎవరు చదువుతరయ్యా? అక్టోబరు పదమూడు నాడు మీటింగున్నది. బస్సు ఎవరికి, ఎందుకు కావాల్నో ఒక్క పేజీల రాసి తే" అన్నడు.

అరె, వందనాలు జెప్పుడే మరిచిన. నవనీతా, ప్రభువు దయతోని నువ్వు నాగర్‌కర్నూల్ల సల్లగున్నవనుకుంట. మీ అమ్మకు తను నా చెల్లె అన్న సంగతి యాది జెయ్యి, నెలయింది ఫోను రాక.

సంగతేందంటే, జూన్ల మన ఊరి పొద్దుగాల బస్సు బందువెట్టిండ్రు. టికెట్లు తెగుతలేవంట. నూట పద్దెనిమిది మంది అర్జీలు పెట్టిండ్రు. చెప్పింది వాళ్ళు, రాసింది నేను, ఏలుముద్రలు వాళ్ళయి. ఇవన్నీ ఒక్క పేజీ చెయ్యాలంటే నా పాణం మీదికొచ్చింది. ఈస్టరుకు వచ్చినప్పుడు నువ్వన్నవు గదా, మీ ఆఫీసుల రైతులు జెప్పిన మాటలు వేలకు వేలు ఒక ఏఐ మిషిను చదివి సారాంశం జెప్తదని. గందుకే కట్ట నీకు పంపుతున్న. ఫోన్ల జెప్పొచ్చు గని, నేను చేస్తే నీకు మీటింగు, నువ్వు చేస్తే నాకు సిగ్నలుండదు. జాబైతే ఎవరి తీరిక వాళ్ళది.

మీ అత్తకు మంగళవారం, శుక్రవారం వనపర్తి దవాఖానల డయాలసిస్ అని రక్తం కడుగుతున్నరు, నీకు ఎరుకే. అప్పట్ల బస్సుల కిటికీ కాడ కూసోని మారాణి లెక్క పోయేది. ఇప్పుడు అమరచింత దాకా పన్నెండు కిలోమీటర్లు నా బండే. వచ్చేటప్పుడు నీరసంతోని కునుకుతది. తువ్వాలతోని నా నడుముకు కట్టుకుంటున్న. పెండ్లినాడు పాస్టరు ముంగట గూడ గింత గట్టి ముడి పడలే. ఒకటి సాలదని ఇప్పుడు రెండు తువ్వాలలు. మంచిగనే ఉన్నం.

మీ మామ,
ఇస్రాయేలు
(మేస్త్రి పని ఇడిసినోడు, అర్జీల పని ఇడువనోడు)

*

నాగర్‌కర్నూల్
10 సెప్టెంబరు 2025

ప్రియమైన మామకు,

అర్జీల కట్ట, దాని కింద దాచిన పల్లికాయ, రెండూ క్షేమంగా చేరాయి. పల్లికాయ సారాంశం ఆఫీసులో అందరూ ఒక్క రోజులో తేల్చేశారు. అర్జీలకే నాలుగు రోజులు పట్టింది. ఒక్కో కాగితం ఫోటో తీసి మిషన్‌కి ఇచ్చాను. నీ చేతిరాత దానికి కొత్త కదా, తప్పుగా చదివినవన్నీ కూర్చుని దిద్దాను.

తర్వాత అడిగాను: "ఈ అర్జీలు చదివి, ప్రజలు ఏమనుకుంటున్నారో సారాంశం చెప్పు." అరనిమిషంలో జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అర్జీదారుల్లో అత్యధికులు డిపో అధికారుల పట్ల కృతజ్ఞత, గౌరవం వ్యక్తం చేశారు. వారి కుటుంబాలకు ఆయురారోగ్యాలు కోరారు. మొత్తం మీద ప్రజలు సంతృప్తిగా ఉన్నారు. కొందరు బస్సు సౌకర్యాన్ని కూడా ప్రస్తావించారు."

మామా, ఊరంతా ఇంత సంతోషంగా ఉంటే నాకెందుకు పంపావు? నువ్వు రాసినవి అర్జీలా, సన్మానపత్రాలా? దీన్ని పేజీ చేసి డిపోకి ఇస్తే, బస్సు లేకున్నా ఊరు సంతోషంగానే ఉందని పక్క ఊరి బస్సు కూడా ఆపేస్తారు.

అత్తను బండి మీద తీసుకెళ్తున్నావా? జాగ్రత్త. తువ్వాల మాట చదివి నవ్వాను. ఆమె నిన్ను కట్టేసిందా, నువ్వు ఆమెను కట్టేశావా?

నీ కోడలు,
నవనీత

*

చింతగుండ్ల
15 సెప్టెంబరు 2025

సన్మానపత్రాలు రాయించుకునే కోడలికి,

నీ జాబు మీ అత్తకు చదివి వినిపిచ్చిన. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. తర్వాత నాకు కోపమొచ్చింది, నీ మీద గాదు, ఆ మిషిను మీద.

బిడ్డా, మనూర్ల అర్జీ అంటే ముందుగాల నాలుగు వరుసలు పెద్దసారును పొగడాలె. మీరు మాకు తల్లీదండ్రి, మీ పిల్లలు సల్లగుండాలె, మీ దయవల్ల అందరం బాగున్నం. అది సారు గడప కాడ చెప్పులు ఇడిసినట్టు. చెప్పులు ఇడిసిండు గాబట్టి ఈనకు నడిచే పని లేదని రాసుకున్నట్టుంది నీ మిషిను.

అయినా తప్పు దానిదేనా? నువ్వేమడిగినవ్? జనం ఏమనుకుంటున్నరు అని. గదొక అడుగుడా? నా కింద పనికొచ్చిన కొత్త కూలీకి "గోడ కట్టు" అని జెప్పి నేను చాయ తాగ పోతే ఏం జేస్తడు? కడ్తడు. మంచిగనే కడ్తడు. తలుపు లేకుంట కడ్తడు. ఎంత పొడుగు, ఎంత ఎత్తు, తలుపు యాడ, కిటికీ యాడ, లోపల ఉండేటోళ్ళెవరు, మనిషా బర్రెనా, ఇవన్నీ జెప్పాలె. జెప్పకుంట వానిని తిడితే వాడు "నువ్వు జెప్పలే గదా మేస్త్రీ" అంటడు.

పొగిడిన వరుసలు పక్కకు పెట్టి మల్ల అడుగు. పదమూడు నాడు మీటింగు, మరువకు.

అత్త ఎవరిని కట్టేసిందని అడిగినవ్. ఇరవై తొమ్మిదేండ్ల సంది నేనే కట్టుబడి ఉన్న, అడిగేటోళ్ళు లేరు.

మీ మామ,
ఇస్రాయేలు

*

నాగర్‌కర్నూల్
20 సెప్టెంబరు 2025

మేస్త్రి మామకు,

నీ గోడ మాట మా ఆఫీసులో చదివి వినిపించాను. మిషన్‌ని అడిగే మాటను మేం ప్రాంప్ట్ అంటాం. దాన్ని ఎలా రాయాలో నేర్పడానికి పోయినేడాది మాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. ఆ మూడు రోజుల సారం నీ గోడలో ఉందని మా పెద్ద మేడమ్ అంది. నాకు కొంచెం సిగ్గేసింది కూడా.

ఈసారి ఇలా అడిగాను: "పొగడ్తలు వదిలెయ్. ఫిర్యాదులు మాత్రమే బయటికి తియ్యి. ఎక్కువమంది చెప్పినవి ముందు పెట్టు." మంచి జవాబే వచ్చింది. కానీ అన్నిటికంటే పైన ఇది ఉంది:

"డ్రైవర్ యాదయ్య ప్రవర్తనపై తీవ్ర అసంతృప్తి. పదకొండు అర్జీలు. అసభ్య పదజాలంతో దూషణ."

మామా, యాదయ్య అంత చెడ్డవాడని నువ్వెప్పుడూ చెప్పలేదే! పేజీలో దీన్నే మొదట పెట్టాను. బస్సు మళ్ళీ వేస్తే వేరే డ్రైవర్‌ని ఇవ్వాలని ఒక వాక్యం నేనే చేర్చాను. మీటింగుకి ముందే చేరాలి కాబట్టి డిపోకి ఈమెయిల్ చేసేస్తాను. ఏమంటావు?

అత్తకు ముద్దులు.

నీ నవనీత

*

చింతగుండ్ల
25 సెప్టెంబరు 2025

ఆగు. ఆగు. ఆగు.

నీ జాబు చేతికి రాంగనే నాలుగుసార్లు ఫోను జేసిన. నాలుగుసార్లు మీటింగు. ఆఖరికి "పంపకు" అని ఒక్క మాట కొట్టిన. నువ్వు బొటనవేలు బొమ్మ పంపినవ్. ఇంతకూ ఏలుముద్రగాళ్ళం మేమా, మీరా?

యాదయ్య అసొంటి డ్రైవరు ఈ జిల్లాల లేడు బిడ్డా! వానిని తిట్టింది ఎవరో నాకు ఎరుకే, రాసింది నేనే గదా. మొదటిది గాజులమ్మే హుసేన్‌బీ. ఏమన్నది? "వాని నోట్లె మన్నువడ, నేను బుట్టెత్తుకొని ఉరికొచ్చేదాక బస్సు ఆపుకొనే కూసుంటడు, ఎవరు లొల్లి జేసినా కదలడు." గిది ఫిర్యాదా? హుసేన్‌బీ నోట తిట్టు పడ్డదంటే ఇంటి మనిషి కింద లెక్క. నన్నైతే పొద్దున లేస్తే తిడ్తది. ఆమె ఎవరినన్న "గారూ" అన్ననాడు భయపడాలె. మిగిలిన పదిమంది గూడ గంతే. పొగిడితే సంతోషమనుకున్నది, తిడితే కోపమనుకున్నది. నీ మిషిను ఏ ఊర్ల పుట్టిందో గని, మనూర్ల పుట్టలే.

ఇగ విను. పూణెల పని చేసిన ఇరవై ఏండ్లల్ల, ఆదివారమొస్తే సిమెంటు సంచి మీద కూసోని మన ముఠా నలభై మందికి ఇంటికి జాబులు రాసేది. ఏడో తరగతి పాసైనోన్ని నేనొక్కన్నే. అందరు ఒక్కతీరే జెప్పేది. నేను క్షేమం. వానలు పడ్డయా. మేక ఈనిందా. సంతకమైతది. నేను కవరు అంటిస్తుంట, వాడు లేసి పోతుంటడు. గప్పుడు, సగం దూరం పోయినోడు తిరిగొచ్చి, "ఇంకొక మాట రాయి అన్నా" అంటడు. నడుము విరిగింది, ఇంట్ల జెప్పలే అని. ఈడ నాకు పాణం పడుతలేదు అని. జాబంత ఆ ఒక్క మాట కోసమే. మిగిలిందంత దానికి తొవ్వ.

ఈ అర్జీలల్ల గూడ గట్లనే. ఏలుముద్ర ఏసినంక లేసి నిలబడి ఇంకొక మాట అన్నరు. నేను ఇడువలే, ఏలుముద్ర కింద రాసిన. చెప్పింది రాయాలె, అది నా నియమం. నీ మిషిను ఏలుముద్ర చూసి ఆడికే ఐపోయిందనుకొని లేసి పోయినట్టుంది.

దానికి ఇవన్నీ జెప్పు. తెల్వని ఊరికి కొత్త మనిషిని పంపుతున్నవ్ అనుకొని జెప్పు. ఒక అర్జీ నువ్వే చదివి, ఇట్ల చదువాలె అని చూపియ్యి. తెల్వకుంటే తెల్వదు అనమను. సొంత కవిత్వం అల్లొద్దు అను.

మీ అత్త మంచిగనే ఉంది. బండి మీద పాటలు పాడుతున్నది. పాట ఆగితే కునికిందని నాకు తెలుస్తది. బ్రేకు లెక్క పనికొస్తుంది.

మీ మామ,
ఇస్రాయేలు

*

నాగర్‌కర్నూల్
30 సెప్టెంబరు 2025

మామా,

ఈసారి ముందుగా పని మాట. మిషన్‌కి ఏం రాశానో చూడు:

"ఇవి ఒక చిన్న ఊరి వాళ్ళు చెబుతుంటే ఒకే మనిషి చేత్తో రాసిన అర్జీలు. చదివేది బస్సు డిపో అధికారి. బస్సు ఎవరికి, ఎందుకు అవసరమో ఆయనకు తెలియాలి. మొదటి నాలుగైదు వరుసల పొగడ్త ఆచారం మాత్రమే, సంతృప్తి కాదు. మనుషుల్ని తిట్టే మాటలు చనువుతో అన్నవి కావచ్చు. తిట్టు తర్వాత ఆ మనిషి ఏం చేశాడని రాశారో చూసి నిర్ణయించు. వేలిముద్ర కింద 'ఇంకొక మాట' అని ఉంటే అదే అసలు విషయం. ప్రతి అర్జీకీ నంబరు, ఎవరు, ఎక్కడికి వెళ్ళాలి, ఏ రోజు, బస్సు లేక ఏం జరిగింది, ఇవి రాయి. ఇంకొక మాటను వాళ్ళ మాటల్లోనే ఎత్తి రాయి, మార్చకు. కాగితంలో లేనిది ఊహించకు. లేకపోతే 'లేదు' అను, అర్థం కాకపోతే 'తెలియదు' అను. ముందుగా హుసేన్‌బీ అర్జీ పై సగం, దాన్ని నేను చదివిన తీరు ఇస్తున్నాను, చూడు."

యాదయ్య ఈసారి మంచివాడైపోయాడు మామా. నూట పద్దెనిమిదిలో నలభై మూడు దవాఖానకి. ముప్పై ఒకటి కాలేజీకి, బడికి. నలభై పనికి, సంతకి. నాలుగింటికి "తెలియదు" అంది. అవి నేనే చదివి సర్దాను. అన్నిటినీ కాగితాలతో సరిచూసి పేజీ తయారుచేశాను. దీంతో పాటే పంపుతున్నాను.

ఇప్పుడు అసలు మాట. నేను దానికి నమూనాగా ఇచ్చింది హుసేన్‌బీ అర్జీ పై సగమే. కింద ఏముందో చూడలేదు. అది చూసింది. డెబ్బై నాలుగో నంబరు, వేలిముద్ర కింద:

"ఇంకొక మాట. నేను బుట్ట నెత్తిన పెట్టుకొని నడుస్త, నాకేం గాదు. ఈ ఇస్రాయేలు పెండ్లాం దవాఖాన నుంచి వస్తుంటే బండి మీదికెళ్ళి పడ్డది. నుదుట ఏడు కుట్లు పడ్డయ్. ఆమె కోసమన్న బస్సెయ్యండ్రి. రాసేటోడు ఆయననే, గిది రాయనంటుండు. రాయకపోతే ఏలుముద్ర తుడిచేస్త అన్న."

ఒకటి సాలదని రెండు తువ్వాలలు. నేను నవ్వాను మామా. చదివి నవ్వాను. అత్త పాట పాడుతుందంటే కూడా నవ్వాను.

నీ మూడు ఉత్తరాలూ అదే మిషన్‌కి ఇచ్చాను, అదే ప్రాంప్ట్‌తో. ఏమొచ్చిందో తెలుసా? "ఇంకొక మాట: లేదు." మూడింటికీ అదే.

ఊరందరి అర్జీలూ రాశావు. నీది ఏది? అది చేరేదాకా నీతో మాట్లాడను. ఫోన్ చేస్తే మీటింగులోనే ఉంటాను.

నవనీత

*

చింతగుండ్ల
4 అక్టోబరు 2025

కోపంల ఉన్న కోడలికి వందనాలు.

నీకు జెప్తే నువ్వు ఉద్యోగం ఇడిసి ఉరికొస్తవని జెప్పలే. గంతే. కుట్లు ఇప్పిండ్రు. మచ్చ ఉంది. అద్దంల చూసుకొని, "ఇప్పుడు నన్ను ఎవరూ మరువరు" అంటున్నది.

నా అర్జీ రాద్దామని మూడు పొద్దులు కూసున్న. సారును పొగిడిన నాలుగు వరుసలు ఒచ్చినయ్. తర్వాత కలం కదలదు. ఎవరన్న జెప్తే రాయొస్తది గని, నాది నాకు రాయొస్తలేదు. మీ అత్త చూసి చూసి, "జరుగు, నేను జెప్త, నువ్వు రాయి" అన్నది.

"ముందు పొగడ్త?" అన్న.

"నా రక్తంల గంత బలం లేదు. అసలు మాట రాయి" అన్నది.

చెప్పింది రాయాలె గదా, రాసిన. నకలు నీకు:

"డిపో సారుకు విజయమ్మ రాయించేది. నాకు వారంల రెండు దినాలు వనపర్తి పోవాలె. పోకుంటే బతుక. నా మొగడు బండి మీద తీస్కపోతడు. తొవ్వంత నవ్విస్తడు. పడ్డనాడు ఈయన నన్ను ఒళ్ళ పండవెట్టుకొని, నవ్వు రాక ఏడ్సిండు. ఊర్ల ఎవరికి తెల్వదు. ఆ దినం సంది రెండు తువ్వాలలు కడ్తడు, పది అడుగులకొకసారి ఎనకకు చెయ్యి పెట్టి చూస్తడు, నేనున్ననా అని. ఒక్క చెయ్యితోని బండి నడిపితే ఇద్దరం పోతం సారూ. బస్సెయ్యండ్రి. ఈయన రెండు చేతులు ఖాళీగుండాలె."

ఇది నూట పంతొమ్మిదోది. నీ పేజీల చేర్చు. దవాఖాన లెక్క నలభై నాలుగు చెయ్యి.

ఇగ మాట్లాడు బిడ్డా.

మామ

*

చింతగుండ్ల, బస్సు ఆగే కాడ
28 అక్టోబరు 2025, మంగళవారం, ఏడుకు పది నిమిషాలు తక్కువ

వందనాలు. మోకాలు మీద పెట్టి రాస్తున్న, వంకర పోతే నాది తప్పు గాదు, మోకాలుది.

మీటింగు సంగతి నువ్వు ఫోన్ల సగమే విన్నవ్, సిగ్నలు పోయింది. సారు నీ పేజీ రెండుసార్లు చదివిండు. తర్వాత "డెబ్బై నాలుగు తీయ్, నూట పంతొమ్మిది తీయ్" అని కట్ట తెప్పిచ్చుకున్నడు. చదివి, అద్దాలు తీసి, "ఇస్రాయేలూ, ఇన్నేండ్ల సర్వీసుల ఏలుముద్ర కింద ఏముందో నేనెన్నడు చూడలేదయ్యా" అన్నడు. డిసెంబరు దాకా నడిపి చూస్తమన్నడు. టికెట్లు తెగాలె గదా, అందుకే హుసేన్‌బీ బుట్టకు గూడ టికెట్టు కొంటనంటున్నది. పన్లో పని యాదయ్యనే పంపిండ్రు. మొన్న మొదటి దినం ఆమె వానిని ఎంత తిట్టిందో! నీ మిషినుకు ఇస్తే బస్సు మల్ల బందు.

పొద్దు ఇప్పుడే ఎక్కుతుంది. మీ అత్త కొత్త చీర కట్టింది. దవాఖానకు కొత్త చీరేందే అంటే, "కిటికీ కాడ కూసునేటోళ్ళు గిట్లనే కడ్తరు" అన్నది. తువ్వాలలు రెండు ఉతికి దండెం మీద ఏసొచ్చిన.

నా జాబులల్ల ఇంకొక మాట లేదని వచ్చిందన్నవ్ గదా. ఉండె బిడ్డా. కవరు అంటిచ్చినంక యాదికొచ్చేది. ఇయ్యాల అంటియ్యకముందే రాస్తున్న. ఆ దినం ముడి ఇడిపోయినప్పుడు ఆ రోడ్డు మీద నేనొక్కన్నే. ఫోను తీసిన. మొదలు నీ నంబరే తీసిన. మల్ల నీకు మీటింగేమో అని జేబుల పెట్టుకున్న. గది నీకు జెప్పాలె అని రెండు నెలల సంది

దుమ్ము కనబడ్తుంది. మీ అత్త లేసి నిలబడ్డది. "రాతలు సాలియ్యయ్యో, యాదయ్య వచ్చిండు!" అంటున్నది. హుసేన్‌బీ ఇంక మూల కాడనే ఉన్నది, వాడు ఆగుతడు, తొందరేం లేదు అంటే ఇంటలేదు, భుజం గుంజుతున్నది. ఇంకొక మాట నవనీతా, అసలు మాటేందంటే, నువ్వు మాకు